మాటల పుట్టిల్లు వెతికిన యిర్మియా

అండమాన్‌లోని హోప్ టౌన్‌లో యిర్మియా ఎదురుపడితే జనం రెండు పనుల్లో ఒకటి చేసేవారు. తీరిక ఉన్నవాళ్ళు ఆగేవారు. అవతలి ఒడ్డుకు పోయే బోటుకు వేళయినవాళ్ళు పక్క సందులోకి తప్పుకునేవారు. ఎందుకంటే ఆయనకొక జబ్బు. ఎదుటి మనిషి నోట్లోంచి మాట ఊడిపడితే చాలు, దాన్ని ఒడిసిపట్టుకుని, "ఇది ఎక్కడ పుట్టిందో తెలుసా?" అనేవాడు. బీడీ కాల్చడు, పేక ముట్టడు, మాటల పుట్టిల్లు వెతకడం ఒక్కటే ఆయన వ్యసనం. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అని భార్య లీదియా సణిగేది. సణుగుతూనే టీ గ్లాసు చేతికిచ్చి, ఎదురుగా కూర్చుని వినేది.

యిర్మియా హార్బరుకు అవతల, పోర్ట్ బ్లెయిర్ వైపు ఒక వర్క్‌షాపులో పెయింటరు. లాంచీలకు రంగు వేయడం, వాటి మీద పేర్లు రాయడం ఆయన పని. స్వాతంత్య్రం వచ్చిన కొత్తలో శ్రీకాకుళం సముద్రపొడ్డు నుంచి కూలికి వచ్చిన తండ్రి వెంట ఓడ దిగాడు. అప్పటికి ఇంకా పిల్లవాడు. మిషన్ బడిలో ఎనిమిది దాకా చదివాడు. ఇంగ్లీషు అక్షరాలు ముందు ఆయన కుంచెకు పట్టుబడ్డాయి, తర్వాత బుర్రకు ఎక్కాయి. వర్క్‌షాపులో పనిచేసిన బెంగాలీ ఇంజనీరు ఒకాయన బదిలీ అయి వెళ్తూ, మోసుకుపోలేక, అట్ట ఊడిన లావుపాటి డిక్షనరీని యిర్మియా చేతిలో పెట్టాడు. అందులో మాట అర్థంతో పాటు, అది ఏ దేశంలో పుట్టి, ఎవరెవరి నోళ్ళలో నాని ఇంగ్లీషులోకి వచ్చిందో కూడా ఉండేది. ఆనాటి నుంచి మన యిర్మియాకు బైబిలు తర్వాత అదే పుస్తకం. కొన్ని ఆదివారాలు ఆ వరుస కూడా తారుమారయ్యేదని లీదియా అనుమానం.

ఇక చూడాలి ఆయన సంబరం! "కిటికీని విండో అంటారు కదా, దానర్థం గాలికన్ను" అనేవాడు బోటులో పక్కవాడితో. "దొరల దేశం మీదికి పడవలేసుకుని దోచుకోడానికి పోయినవాళ్ళు వదిలిన మాట అది. జీతాన్ని శాలరీ అంటున్నామా, దాని కడుపులో ఉన్నది ఉప్పు. గుడ్ బై అని చేతులూపుతున్నామా, అది ఉత్త ఊపుడు కాదు, దేవుడు మీకు తోడై యుండును గాక అనే దీవెన. వాడి వాడి అరిగిపోయింది." తలకు రుద్దుకునే షాంపూ మన హిందీవాళ్ళు ఒళ్ళు పట్టమనే మాటలోంచి పోయిందనీ, కొబ్బరిపీచును కాయర్ అంటే అది మలయాళీల కయరేననీ చెప్పేవాడు. బోటు ఒడ్డుకు తగిలినా మాట తెగేది కాదు. టికెట్లు చింపే మనిషి వచ్చి భుజం తట్టాల్సి వచ్చేది.

వీటన్నిటికీ పెద్ద పండుగ పందికొక్కు రోజు. ఇంగ్లీషులో బ్యాండికూట్ అనే జంతువు ఉందని, ఆ పేరు అచ్చంగా మన తెలుగు పందికొక్కులోంచే వెళ్ళిందని డిక్షనరీలో కనబడ్డ సాయంత్రం ఆయన అన్నం కూడా సరిగా తినలేదు. చెయ్యి కడుక్కుని వీధిలో పడి ఇంటింటికీ చెప్పుకొచ్చాడు. అందరూ తలలూపారు గానీ, అసలైన ప్రశ్న అడిగింది కాళమ్మ ఒక్కతే.

"ఓలమ్మ! అంత దూరం ఓడేసుకొచ్చి, దొరలు మన కాడ నుంచి అట్టుకెళ్ళింది పందికొక్కునేటి?" అంది ఆవిడ. వీధంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. యిర్మియా అందరికంటే ఎక్కువ నవ్వాడు.

కాళమ్మ చేపలమ్మే మనిషి. బాప్తిస్మంలో రాహేలు అని పేరు పెట్టారు గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆవిడ వెనక్కి తిరిగి చూసేది కాదు. కూలీల ఓడలో మొగుడితో వచ్చింది. మొగుడు వేరేవాళ్ళ పడవ మీద వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. ఒక్క కొడుకు, పెద్దబ్బాయి. వాడి తర్వాత ఇంకొకడు పుట్టకపోయినా పేరు మాత్రం అదే నిలిచింది. తట్ట నెత్తిన పెట్టుకుని బోటులో అవతలికి దాటి షాదీపూర్ వీధుల్లో, గరాచర్మ కొత్త ఇళ్ళ ముందు అమ్ముకుని వచ్చేది. కొనేవాళ్ళలో బెంగాలీలు, అరవలు, పంజాబీలు, రాంచీవాళ్ళు. అందరితోనూ ఒకటే భాష ఆవిడది. అందులో తెలుగెంతో హిందీ ఎంతో ఆవిడకే తెలియదు. యిర్మియాకు చుట్టం కాదు, ఒక తీరం నుంచి వచ్చినవాళ్ళు, అంతే. అయినా ఆయన ఆవిడను "అప్పా" అనే పిలిచేవాడు, సొంత అక్కను పిలిచినట్టు.

ఆవిడకు చదువు రాదు, పాట రాదు, సంఘంలో కానుక వేసే స్థోమత లేదు. ఉన్నదల్లా ప్రార్థన. ఆదివారం ఆరాధనలో ఉపదేశి జ్ఞానయ్యగారు "కాళమ్మా, నువ్వు ప్రార్థించు" అంటే బెంచీల మీద నిద్రపోయేవాళ్ళు కూడా కళ్ళు తెరిచేవారు. దేవుడు కిటికీ అవతల నిలబడి ఉన్నట్టు మాట్లాడేది. ఊళ్ళో జ్వరం తగిలినా, పడవ బయల్దేరినా, గర్భిణిని ఆసుపత్రికి తీసుకెళ్ళినా ఆవిడ రావలసిందే. లీదియాకు తొలికానుపు కష్టమైనప్పుడు, బోటులో ఆమె తల ఒళ్ళో పెట్టుకుని, అవతలి ఒడ్డు వచ్చేదాకా గొంతెత్తి ప్రార్థించింది ఈ కాళమ్మే. తల్లీ పిల్లా ఇద్దరూ దక్కారు. ఆ మాట యిర్మియా పదిమందిలో చెప్పేవాడు కూడా. మంచివాడు పాపం. మంచివాడే, కానీ నోరు జారాడు.

ఒక ఆదివారం పోర్ట్ బ్లెయిర్ సంఘం నుంచి కొందరు పెద్దలు హోప్ టౌన్ ఆరాధనకు వచ్చారు. కాళమ్మ ఎప్పటిలాగే ప్రార్థించింది. "నాయనా, మాలిక్! మా పెద్దోడు సొంత డుంగీ కట్టించుకుంతన్నాడు. దాని ఇంజను ఖరాబ్ అవకుండ సూడు. తుఫాను వత్తే జరా అటేపు తిప్పీయి. అన్ని తలుపుల చాబీ నీ కాడే ఉన్నాది గదా. ఆమెన్." వచ్చినవాళ్ళ కళ్ళు చెమ్మగిల్లాయి.

ఆరాధన అయ్యాక వసారాలో టీలు తాగుతున్నారు. కొత్త మొహాలు కనబడేసరికి యిర్మియాకు హుషారు ఆగలేదు. తన దగ్గరున్న గొప్ప సరుకు చూపించాలనిపించింది. "మా అప్ప ప్రార్థన విన్నారు కదండీ, అదొక పెద్ద రేవు" అని మొదలుపెట్టాడు. "మాలిక్ అరబ్బు దేశం నుంచి దిగింది, జరా కూడా అటుదే. ఇంజను ఇంగ్లీషువాళ్ళది, వాళ్ళకి లాటిన్ వాళ్ళు ఇచ్చారు. చాబీ పోర్చుగీసు బుడతకీచులు పారేసుకుపోయిన తాళంచెవి. తుఫాను కోసం చైనావాళ్ళూ అరబ్బులూ ఇంకా కొట్టుకుంటున్నారు. చిన్న పడవకు మనం వాడే డుంగీ బెంగాలీ సొత్తు, దాన్నే ఇంగ్లీషువాళ్ళు డింగీ అని పట్టుకుపోయారు. ఆఖరికి ఆమెన్ కూడా యూదులది. మొత్తం వెతికితే మా అప్ప సొంతం 'నాయనా' ఒక్కటే!"

వసారా అంతా గొల్లుమంది. ఆయన ఆవిణ్ణి తక్కువ చేయాలనుకోలేదు, ప్రమాణం చేసి చెప్పొచ్చు. ఇన్ని దేశాల మాటలు ఒక చేపలమ్మే ఆవిడ నోట్లో కాపురం ఉన్నాయని ఆయన మురిసిపోయాడు, అంతే. కానీ మురిపెం తన మనసులో ఉంటే ఏం లాభం? వినేవాళ్ళకు వినబడింది నవ్వులాట.

కాళమ్మ గ్లాసు కింద పెట్టింది. "అయితే మిగతాయన్నీ నాను ఎరువు తెచ్చుకున్నయ్యేనా, యిర్మియా?"

"అంతే అప్పా!" అన్నాడు నవ్వుతూనే.

ఆవిడ కొంగు సర్దుకుని ఇంటికి వెళ్ళిపోయింది. మరుసటి ఆదివారం జ్ఞానయ్యగారు పేరు పిలిస్తే తల అడ్డంగా ఊపింది. ఆ తర్వాతి వారమూ అంతే. జ్వరం వచ్చిన పిల్లాడి తల్లి వచ్చి పిలిస్తే వెళ్ళింది, మంచం పక్కన కూర్చుంది, నుదుటి మీద చెయ్యి వేసింది, నోరు మాత్రం తెరవలేదు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. యిర్మియాకైతే జారిందనే సంగతే ఇంకా తెలియదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాడు.

తెలిసింది పెద్దబ్బాయి వచ్చి చెప్పినప్పుడు. చిన్నప్పటి నుంచి ఇతరుల పడవల మీద వాటాకు పనిచేసినవాడు, ఇన్నాళ్ళకు సొంత డుంగీ కట్టించుకున్నాడు. గాలులు తగ్గి సముద్రం తేటపడింది, వేటకు మంచి రోజులు మొదలయ్యాయి. పడవకు పేరు రాయమని అడగడానికి వచ్చాడనుకుని యిర్మియా కుంచెలు తీయబోయాడు.

"పేరు తరవాత, మావా. అమ్మ పార్థన సేయనంటాది. నానేటి కరూఁ, ఏటి సేసేది? నీ వల్లే అయినాది ఇదంతా" అన్నాడు పెద్దబ్బాయి. వసారాలో జరిగింది తల్లి గుండెలో ఎంత లోతుకు దిగిందో చెప్పాడు.

యిర్మియా కుంచెల డబ్బా మూసేశాడు. తల్లి ప్రార్థించననడం అంటే ఏమిటో ఆయనకు వేరే చెప్పనక్కర్లేదు. ఆ తీరం నుంచి వచ్చినవాళ్ళు పూర్వం కొత్త పడవకు కొబ్బరికాయ కొట్టి, కోడిని కోసి, ఇంటి పెద్దావిడ చేత పడవ మూతి మీద చెయ్యి వేయించి గంగమ్మకు మొక్కించేవారు. క్రైస్తవులయ్యాక కొబ్బరికాయ పోయింది, కోడి పోయింది, పెద్దావిడ చెయ్యి మాత్రం మిగిలింది. ఇంట్లో పెద్ద ఆడమనిషి పడవ మీద చెయ్యి వేసి, పైకి వినబడేలా ప్రార్థించాకే అది నీళ్ళు తాకాలి. పెద్దబ్బాయి తండ్రి పోయిన పడవ మీద కాళమ్మ చెయ్యి పడలేదు. అందుకని తల్లి నోరు విప్పకుండా వాడు ఈ కొత్త పడవతో సముద్రం మీదికి పోడు. పోకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

యిర్మియా అప్పటికప్పుడు కాళమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆవిడ వాకిట్లో ఉప్పుచేపలు తిరగేస్తోంది. ఈయన క్షమించమని ఒక్క మాట అనేసి ఊరుకుంటే సగం పని అయ్యేది. అది చేయకుండా, ఆవిణ్ణి ఓదార్చడానికి మళ్ళీ డిక్షనరీ విప్పాడు! "అప్పా, మాటలు ఎవరివీ సొంతం కాదు. ఇంగ్లీషే చూడు, సగానికి సగం పక్కవాళ్ళ మాటలే. వాళ్ళ టీ చైనాది, వాళ్ళ మామిడి అరవవాళ్ళది. మనం ఈ ద్వీపాలకు ఓడల్లో వచ్చినట్టే మాటలూ ఓడల్లోనే వచ్చాయి. ఇందులో తప్పేముంది?" అంటూ ఏకరువు పెట్టాడు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, ఆవిడ మొహం ఇంకా బిగుసుకుపోయింది.

"ఎరువు సొమ్ము బరువు చేటని మా అమ్మ అనేది, యిర్మియా" అంది కాళమ్మ చివరికి. "నాకు బూమి నేదు, బంగారం నేదు. దేవుడి ముందు నాదని ఎట్టుకునేది మాటొక్కటే. అదీ నాది కాదని పదిమందిలో నువ్వే సెప్పినావు. ఇప్పుడు నోరు తెరిత్తే సిగ్గేత్తన్నాది, ఈ మాట ఎవులిదో, ఆ మాట ఎవులిదో అని. నువ్వు సదువుకున్నోడివి, నిజమే సెప్పుంటావు. మరి ఆ వేళ బోటులో లీదియా తల నా ఒళ్ళో ఎట్టుకుని ఏడిసినాను గదా, ఆ మాటలు ఏ దేశాలియ్యో అప్పుడెందుకు అడగనేదు?"

యిర్మియా వాకిలి దాటి వచ్చేశాడు. ఇంటికి వచ్చి డిక్షనరీని పెట్టె అడుగున పెట్టి, పైన బట్టలు సర్దాడు. ఇన్నాళ్ళూ జనానికి ఏదో ఇస్తున్నాననుకున్నాడు. లాక్కున్నానని ఇప్పుడు తెలిసి సిగ్గుతో కుంగిపోయాడు.

అనుకున్న రోజున ఒడ్డు మీద జనం చేరారు. డుంగీకి యిర్మియా తెల్లరంగు మీద నీలం అక్షరాలతో పేరు రాశాడు, ఎంత శ్రద్ధగా రాశాడంటే చూసినవాళ్ళు అచ్చువేశాడన్నారు. కాళమ్మ ఉతికిన చీర కట్టుకుని వచ్చి పడవ మూతి మీద చెయ్యి వేసింది. నోరు తెరవలేదు. జ్ఞానయ్యగారు మంచి గ్రాంథికంలో చక్కటి ప్రార్థన చేశారు. అందరూ ఆమెన్ అన్నారు. పడవ చుట్టూ పట్టుకున్నవాళ్ళు భుజాలు ఆనించారు. పెద్దబ్బాయి మాత్రం కదల్లేదు, తల్లి వైపే చూస్తున్నాడు.

"ఒరే, పోటు తీసేత్తన్నాది. నీళ్ళు దిగిపోతే బురదే మిగులుతాది" అని ఎవరో అరిచారు.

పెద్దబ్బాయి యిర్మియా వైపు తిరిగాడు. "మావా, అమ్మ నోరు మూసినోడివి నువ్వే. ఆవిడ బదులు నువ్వే సెయ్యి. ఆవిడ నిన్ను తమ్ముడనుకున్నాది గదా, ఆ హక్కుతోనే సెయ్యి."

తప్పించుకునే దారి లేదు. యిర్మియా ముందుకు వచ్చి, కాళమ్మ చేతికి జానెడు దూరంలో తన చెయ్యి పడవ మీద ఆనించాడు. "పరలోకమందున్న మా తండ్రీ" అన్నాడు. అది నోటికి వచ్చిన మాట కాబట్టి సాఫీగా వచ్చింది. తర్వాత సొంతంగా అడగాలి. "ఈ పడవను..." అన్నాడు, ఆగాడు. పడవ అనే మాట మనదా, అరవవాళ్ళదా? దాన్ని వదిలి "తుఫానులో..." అన్నాడు, మళ్ళీ ఆగాడు. ఇంజను అనబోతే నాలుక మీదే లాటిన్ అడ్డం పడింది. ఏళ్ళ తరబడి మాటల కుట్లు విప్పడం అలవాటైన మనిషి. ఇప్పుడు ఒక్క మాటా కుట్టు ఊడకుండా నిలవలేదు. ప్రతిదీ ఆయన మొహంలోకి చూసి, నేనెవరి పిల్లని అని అడిగింది. అంతమంది ముందు, దేవుడి ముందు, పెద్దబ్బాయి బతుకు ముందు ఆయన మూగవాడైపోయాడు.

"అప్పా, నాకు రావటం లేదు" అన్నాడు చివరికి. ఆయన ఏడుస్తున్నాడు.

మొదలుపెట్టిన ప్రార్థనను నడిమధ్యలో వదలకూడదని వాళ్ళ పట్టింపు. ఒకరికి గొంతు పట్టేస్తే పక్కనున్నవాళ్ళు అందుకుని ఆమెన్ దాకా చేర్చాలి, అది శత్రువు ప్రార్థన అయినా సరే. జ్ఞానయ్యగారు అందుకుందామని నోరు తెరిచారు. అంతలో యిర్మియా చేతి మీద మరో చెయ్యి పడింది, ఉప్పుకు పగిలి గరుకుతేలిన చెయ్యి.

"నాయనా, మాలిక్!" అంది కాళమ్మ. "ఈ యిర్మియా గొంతు జామ్ అయిపోనాది. ఆడికి తక్లీఫ్‌గా ఉన్నాది, నువ్వు సూత్తన్నావు గదా. మంచోడే, నాయనా. దిమాగు తేజు, నోరే జరా కచ్చా. నా మనసు దుఖాయించినాడు. నానేటి తక్కువా? గుస్సా పట్టుకుని ఇన్నాళ్ళు నీతో కూడా మాటాడనేదు. నాదీ గల్తీయే. ఆడిని నాను మాఫ్ సేసీనాను. నువ్వు కూడా సేసీ, బస్, ఇంక మనసులో ఎట్టుకోకు. ఇదిగో, ఇది మా పెద్దోడి డుంగీ. ఆడికి అయ్య లేడు, నువ్వే అయ్యవి. పొద్దున్న అట్టుకెళ్ళి మాపిటికి వాపస్ తీసుకురా. ఇంజను ఖరాబైతే నువ్వే మిస్త్రీవి. ఆమెన్."

ఒడ్డంతా ఆమెన్ అంది. పెద్దబ్బాయి కళ్ళు తుడుచుకుని "హయ్" అని కేక వేశాడు. భుజాలన్నీ ఒక్కసారి ఆనాయి. యిర్మియా మోకాళ్ళ లోతు, నడుముల లోతు, ఛాతీ లోతు దాకా పడవను తోస్తూనే వెళ్ళాడు. డుంగీ తేలి తన బలం మీద తాను కదిలాక కూడా చేతులు తీయలేదు. "వదిలీయో, మావా, నిన్నూ అట్టుకుపోతాది" అని పెద్దబ్బాయి నవ్వాక వదిలాడు. ఇంజను అందుకుంది. పడవ వైపర్ దీవి దిక్కుగా తిరిగింది. కాళమ్మ నీళ్ళ అంచున నిలబడి చెయ్యి ఊపుతూ, కొడుక్కి వినబడుతుందో లేదో గానీ, జాగ్రత్తలు చెబుతూనే ఉంది.

తడిబట్టలతో ఇల్లు చేరిన మొగుడికి లీదియా తువాలు ఇచ్చింది. ఆమె జనంలో వెనగ్గా ఉండిపోయింది, కాళమ్మ గొంతు వినబడింది గానీ మాటలు సరిగా అందలేదు.

"ఏమని ప్రార్థించింది అప్ప?" అని అడిగింది.

యిర్మియా తల తుడుచుకుంటూ గుర్తు చేసుకోబోయాడు. ఒక్క మాటా విడిగా గుర్తు రాలేదు.

"నన్ను క్షమించమని అడిగింది" అన్నాడు.